సగం సాక్ష్యం

పోయిన వారం రాసింది ఫోను దగ్గర ఆపేశాను. కర్నూలు పెద్దాసుపత్రి నరాల వార్డు నుంచి సిస్టరు శివలీల ఫోను చేసి, "ఏమ్మా రాహేలమ్మా, నీ కూతురు మందు ఎక్కించుకోను రానే లేదే, తేదీ దాటిపోయి శానా దినాలాయె" అన్న మాట దగ్గర.

నా కూతురు నిస్సీ ఆ తేదీన ఆసుపత్రికి పోయింది. కోడుమూరు బస్టాండులో నేనే బస్సెక్కించాను. ఎప్పుడూ వెంట పోయేదాన్ని, ఆరోజు నాకు జలుబు. నా జలుబు దానికి అంటుకుంటే ఏమవుతుందోనని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కిటికీకి దూరంగా నిలబడి చెయ్యి ఊపి పంపించాను. సాయంత్రానికి మోచేతి మడతలో పట్టీ అంటించుకుని తిరిగొచ్చింది. మరి సిస్టరు చెప్పేదేమిటి?

ఫోను పెట్టేసినాక నేను నిస్సీని ఏమీ అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది. ఆ జవాబు మోయగలనో లేనో తెలియక, ఫోను వచ్చిన ఆ శనివారమంతా దాని చుట్టూ తిరిగాను. ఆసుపత్రికి పోయిన రోజు జరిగినవి ఒక్కొక్కటీ గుర్తుకు రాసాగాయి. వార్డులో అంటించేది తెల్లటి గుడ్డ టేపు, అదీ ముంజేతి మీద. నిస్సీ చేతికి ఉన్నది మందుల షాపులో దొరికే చర్మం రంగు పట్టీ. ఆ మందుకు ముందు ఇచ్చే సూదికి దానికి ఎప్పుడూ మత్తు వచ్చి మరుసటి పొద్దు దాకా పడుకునేది. ఆరోజు మాత్రం ముఖం కడుక్కుని నేరుగా గుడికి పాటల ప్రాక్టీసుకు పోయింది. నేను సంతోషపడ్డాను కూడా. బిడ్డకు ఓర్పు వచ్చింది, మందు ఒంటికి పట్టింది అనుకున్నాను.

కొత్తగా చదివేవాళ్ళకు జబ్బు సంగతి చెప్పాలి. నిస్సీ కోడుమూరులో ఒక ప్రైవేటు బడిలో పంతులమ్మ. రెండేళ్ళ కింద బోర్డు మీద రాస్తూ రాస్తూ ఎడమ కాలు తనది కానట్టు పడిపోయింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. ఆ పేరు పలకడం నాకు రావడానికే వారం పట్టింది. నేను ఏడో తరగతి దాకానే చదివినదాన్ని. అందుకని డాక్టరు అరుణజ్యోతమ్మ నాకు నా భాషలోనే చెప్పింది.

"మీ బోరు మోటారు తీగ మీద తొడుగు ఉంటుంది కదమ్మా, నరాల మీద కూడా అట్లాంటి పొర ఉంటుంది. ఒంట్లో కాపలా కణాలు ఉంటాయి, జబ్బుల్ని తరిమేవి. నీ కూతురికి ఆ కాపలావాళ్ళే పొరపాటు పడి ఆ పొరను కొరుకుతున్నారు. తొడుగు పోయిన చోట కరెంటు ఆగిపోతుంది. కాలికి పోవాల్సిన ఆజ్ఞ పోదు."

"అయితే ఈ సెలైన్ మందు ఏం చేస్తాదమ్మా?" అన్నాను.

"ఆ కాపలావాళ్ళలో బి కణాలని ఒక రకం ఉంటాయి. అవి తాము కొరికేదానికన్నా పక్కవాళ్ళను ఎగదోసేది ఎక్కువ. అదిగో దొంగ అని వేలెత్తి చూపిస్తాయి. వాటి ఒంటి మీద ఒక గుర్తు ఉంటుంది. మందు ఆ గుర్తును పట్టుకుని వాటిని తీసేస్తుంది. వేలెత్తి చూపేవాడు లేకపోతే కొరికేవాళ్ళు కూడా నెమ్మదిస్తారు."

"మరి ఆరు నెలలకు మళ్ళా ఎందుకు?"

"ఎముకల మూలుగలో కొత్తవి పుడతానే ఉంటాయి కదా. వాటిని పుట్టించే తల్లి కణాలకు ఆ గుర్తు ఉండదు. మందు తల్లిని ముట్టుకోదు."

తల్లిని ముట్టుకోదు అన్న మాట ఒక్కటే నాకు ఆరోజు ధైర్యం. మిగతాదంతా భయమే. కాపలావాళ్ళను తీసేస్తే ఇంటికి దిక్కెవరు? అడిగాను. అందరినీ తీసేయం, కానీ జ్వరం వస్తే ఒక్క పూట కూడా ఆగకుండా తీసుకురా అంది. అప్పటి నుంచి మా వాకిట్లో దగ్గేవాళ్ళకు చోటు లేదు. గడప బయట ఒక ప్లాస్టిక్ స్టూలు వేసి, వచ్చినవాళ్ళను అక్కడే కూర్చోబెట్టి మాట్లాడేదాన్ని. ఊళ్ళో దానికి రాహేలమ్మ చెక్‌పోస్టు అని పేరు పెట్టారు.

చివరగా ఇంకో మాట అడిగాను, మందు పనిచేస్తున్నట్టు మాకు ఎట్లా తెలుస్తుందని. డాక్టరమ్మ చీటీ రాయడం ఆపి చెప్పింది. "ఏమీ జరగకపోతే పనిచేస్తున్నట్టమ్మా. వాపు తగ్గితే కాలు చాలా మటుకు దానంతటదే వస్తుంది. ఈ మందు కాలును బాగుచేసేది కాదు. ఇంకో దెబ్బ పడకుండా కాసేది."

ఆ మాట మా ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కలేదు. కాలు వచ్చింది, అంతే మాకు తెలిసింది. కోతల పండుగ నాడు నిస్సీ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గుడి మెట్లు ఎక్కింది. సాక్ష్యం చెప్పమన్నారు. మా గుడిలో మేలు పొందినవాళ్ళు లేచి నలుగురి ముందు చెప్పాలి, చెప్పకపోతే మేలు దాచుకున్నట్టు. నిస్సీ చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చింది, జనం ఏడ్చారు, ఆ ఊపులో, "ఇంక నా ఒంట్లోకి ఏ మందూ అక్కరలేదు" అనేసింది. చప్పట్లకు గుడి పైకప్పు అదిరింది. సంఘపెద్ద అయిన మా ఆయన దావీదురాజు పంచె కొంగుతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను కూడా చప్పట్లు కొట్టాను.

ఇక ఆదివారం సంగతి.

ఆరోజు నిస్సీ కల్లూరులో జరిగే సభలో సాక్ష్యం చెప్పాలి. ఊరూరా ఫ్లెక్సీలు కట్టారు, దాని ఫోటోతో. పాస్టరు వసంతకుమార్ అయ్యగారు ఆటో తీసుకుని వస్తారు. పొద్దున్నే ఇంట్లో ప్రార్థనకు ముగ్గురం చాప మీద కూర్చున్నాం. వాక్యం ఒకరి తర్వాత ఒకరం చదవడం మా ఇంటి అలవాటు. ముందు మా ఆయన చదివాడు. తర్వాత నేను, కూడబలుక్కుంటూ. తర్వాత నిస్సీ. దాని గొంతు తడబాటు లేకుండా సాగిపోతోంది. నేను తలెత్తి చూశాను, దాని ముఖం చూసుకుందామని. చూపు ముఖం మీద నుంచి ఒళ్ళో ఉన్న పుస్తకం మీదికి జారింది.

అది తెరిచి పట్టుకున్నది పుస్తకం చివర ఉండే రంగు పటాల పేజీ. సముద్రాలూ కొండలూ గీసిన పేజీ. దాని మీద చూపు ఆన్చి నా కూతురు గడగడా వాక్యం చదువుతోంది.

మా ఆయన ఆమెన్ అన్నాడు.

ఆయన అయ్యగారికి ఎదురు పోతానని బయటికి వెళ్ళగానే, "నిస్సీ, ఇట్ల రా" అన్నాను.

"జడ వేసుకోవాలమా. ఆటో వస్తాది."

"రాయే, ఊరికే."

పెరట్లో చాటలో ఎండబోసిన మిరపకాయలు ఉన్నాయి. మొన్ననే కోసినవి, మంచి ఎరుపు. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎర్ర మూత ఉన్న పెన్ను పట్టుకుని ఒక్కో కన్నూ మూయించి రంగు అడగడం నాకు గుర్తుంది. దాని కుడికన్ను నా అరచేత్తో మూశాను. ఒక మిరపకాయ తీసి ఎదురుగా పట్టుకున్నాను.

"ఇదేంది?"

"మిరపకాయ. ఘాటు తెలుస్తాంది కదా. ఏం ఆటలు మా ఇవి, పొద్దున్నే?"

"రంగు చెప్పు."

అది నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

"చెప్పవే. ఏం రంగు?"

"ఎరుపు. మిరపకాయ ఎర్రగా కాక నీలంగా ఉంటాదా?"

"ఉంటాదని కాదు, కనపడతాందా అని అడుగుతాండా."

నా అరచేతి కింద దాని రెప్ప వణకడం తెలిసింది. మెల్లగా చెప్పింది. "మట్టి రంగుమా. తడిసిన కవరు అడ్డం పెట్టినట్టు. నడిమధ్యన అది కూడా లేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"కన్ను తిప్పితే నొప్పి లేచింది ముందు. తలనొప్పి అనుకున్యా. తర్వాత మసక. ఈ పొద్దు నుంచి కుడి కంటికి కూడా సన్న అక్షరాలు అలుక్కుపోతాండాయి, మనుషులు మాత్రం బాగానే కనపడతాండారు."

"ఆసుపత్రికి పోయినావా, పోలేదా? నిజం చెప్పు. సిస్టరు ఫోను చేసింది నాకు."

నిస్సీ నా చెయ్యి తీసేసి చాట పక్కన కూర్చుంది. మిరపకాయలను వేళ్ళతో అటూ ఇటూ జరుపుతూ చెప్పింది.

"పోయినా. వార్డు గేటు దాకా పోయినా. ఆడ సుబ్బక్క కనపడె, మన పైవీధి సుబ్బక్క. వాళ్ళ మరిదిని చూడను వచ్చిందంట. ఏం నిస్సీ, నువ్వు ఈడేం చేస్తాండావు, నీకు బాగైపాయె కదా అనె. మా స్నేహితురాలిని చూడను వచ్చినా అక్కా అన్యా. ఆమె గేటు కాడే కూర్చుండె, కదల్లేదు. ఆమె ముందర నేను ఎట్ల పోయి ఆ మంచం మీద పడుకునేది? బస్టాండులో సాయంత్రం దాకా కూర్చుని వచ్చేసినా."

"పట్టీ?"

"బస్టాండు ఎదురు షాపులో కొన్యా."

"సుబ్బక్క చూస్తాదని కన్ను పోగొట్టుకున్యావా? సుబ్బక్క ఇస్తాదా నీకు కన్ను?"

"సుబ్బక్క ఒకతేనా? గుడిలో అందరి ముందర చెప్తి కదమా. మందు అక్కరలేదని నా నోటితో నేనే చెప్తి. మళ్ళా పోయి ఎక్కించుకుంటే నేను అబద్ధికురాలిని కదా? నాయన సంఘపెద్ద. ఆయన తలెత్తుకుని ఎట్ల తిరిగేది?" అంటూ నా వైపు చూసి, "నువ్వు మాత్రం? ఆ మందు ఎక్కిన దినమల్లా, కాపలా పోయె, కాపలా పోయె అని ఏడ్చింది ఎవరు? వాకిట్లో స్టూలు వేసి ఊరినంతా బయట కూర్చోబెట్టింది ఎవరు? నేను సాక్ష్యం చెప్పినప్పుడు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నువ్వే."

ఎండ అప్పుడే చాట మీదికి వచ్చింది. మార్చి నెలకే మా కర్నూలు ఎండ ఎట్లా ఉంటుందో తెలిసిందే. ఈ జబ్బుకు వేడి పడదు. ఒళ్ళు వేడెక్కితే, తొడుగు చెడిన తీగలో ఉన్న కరెంటు కూడా పారదని చెప్పి ఉన్నారు. దాని మెడ మీద తడిగుడ్డ వేశాను. చేతులకు ఏదో ఒక పని కావాలి కదా.

ఆటో వచ్చి ఆగింది. వెనక నిస్సీ ఫోటో ఉన్న ఫ్లెక్సీ కట్టి ఉంది. ఫోటోలో రెండు కళ్ళూ నవ్వుతున్నాయి. మా ఆయనా, పాస్టరు అయ్యగారూ దిగారు.

"కల్లూరు వద్దు. నేరుగా ఆసుపత్రికి పదండి," అన్నాను.

"ఏమాయెనే నీకు? జలుబు చేసిందా మళ్ళా?" అన్నాడు మా ఆయన, నవ్వుతూ. "అయ్యగారూ, ఈమె వాన కోసరం ప్రార్థన చేస్తాది, మబ్బు పట్టంగానే పిడుగు పడతాదని ఏడుస్తాది."

"పిడుగు పడిందప్పా. నీ కూతురికి ఎడమ కన్ను కనపడదు."

ఆయన నవ్వు ముఖం మీద అట్లాగే ఉండిపోయింది, దాన్ని తీయడం మరిచిపోయినట్టు. నేను అంతా చెప్పాను. గేటు, సుబ్బక్క, పట్టీ, పటాల పేజీ. మధ్యలో నిస్సీ వైపు చూశాడు. అది కాదనలేదు.

"నేను మందు మానమని చెప్పలేదే తల్లీ," అన్నారు అయ్యగారు. కళ్ళద్దాలు తీసి పట్టుకున్నారు. "దేవుడి సాక్షిగా చెప్తాండా, ఆ మాట నేను అన్లేదు."

"ఎవరూ అన్లేదు అయ్యగారూ. అందరం చప్పట్లు కొట్టినాం," అన్నాను.

"అప్పుడే అడగాల్సింది నేను. మందు సంగతేంది అని. అడగలేదు." తర్వాత అద్దాలు పెట్టుకుంటూ, "అయితే రాహేలమ్మా, ఎట్ల పోయినా కల్లూరు దాటుకునే పోవాల. ఆడ జనం కూర్చోనుండారు. పాప ఒక్క మాట చెప్పి దిగితే, ఆ వెంటనే నేను ఆసుపత్రికి తోడుకపోతా. ఆదివారమైనా ఎమర్జెన్సీలో డాక్టర్లు ఉంటారు. ఒక అర్ధగంట."

ఆయన చెడ్డవారు కాదు. నా ప్రసవానికి తన స్కూటరు మీద మంత్రసానిని తెచ్చిన మనిషి. అందుకే ఆ అర్ధగంటకు గట్టిగా వద్దనలేకపోయాను. మా ఆయన వైపు చూశాను, ఈయనైనా వద్దంటాడేమోనని.

"అర్ధగంటే కదా," అన్నాడాయన, ఎవరి ముఖమూ చూడకుండా.

"అర్ధగంటలో కొరికేది ఆగుతాదా? వాటికి సభ అని తెలుస్తాదా?"

"అమ్మా," అంది నిస్సీ. తడిగుడ్డ మెడ మీద నుంచి తీసి పిండి మళ్ళీ వేసుకుంది. "నేను పోతా. నోటితో కట్టింది నోటితోనే విప్పాల. లేకుంటే ఈరోజు ఆసుపత్రికి పోయినా, మళ్ళా ఆరు నెలలకు ఇంకో సుబ్బక్క గేటు కాడ ఉంటాది."

మా ఆయనకు ఆ మాట అర్థమైనట్టు లేదు. బిడ్డ సాక్ష్యానికి ఒప్పుకుందనుకుని ఆటో ఎక్కాడు. నాకు అర్థమైంది. అర్థమై ఇంకా భయం వేసింది.

సభ ఒక రేకుల షెడ్డులో. మామూలప్పుడు సిమెంటు బస్తాలు పెట్టే చోటు. పైన రేకులు కాగుతున్నాయి, కింద జనం ఒకరి భుజం ఒకరికి తగులుతూ కూర్చున్నారు. మేము పోయేసరికి కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిపోయి ఉన్నాయి. మైకు మాత్రం బ్యాటరీ మీద పనిచేస్తోంది. ఎవరో దగ్గారు. నా గుండె ఆ దగ్గు వెనకే పోయింది. నిస్సీ మెడ మీది తడిగుడ్డ అప్పటికే ఎండి అట్ట కట్టింది. నీళ్ళ సీసా ఆటోలో మరిచిపోయాం.

"వద్దులేవే, పోదాం," అని దాని చెవిలో అన్నాను.

"పక్కన కూర్చోమా. నా కుడి పక్కన, కనపడేట్టు. ముందు వరసలో."

పేరు పిలిచారు. చప్పట్లు. నిస్సీ వేదిక మెట్లు ఎక్కింది. ఒక మెట్టు, ఇంకొకటి. కాలు బాగానే ఎక్కింది. వెనక ఎవరో, "చూడు, చూడు, ఈ పాపేనంట" అన్నారు. మా ఆయన వేదిక పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నిస్సీ మైకు కోసం చెయ్యి చాపింది. వేళ్ళు మైకుకు జానెడు ఇవతల గాలిని పట్టుకున్నాయి. మళ్ళీ చాపింది. మళ్ళీ గాలే. చప్పట్లు ఒక మూల నుంచి ఆగుతూ వచ్చాయి. అయ్యగారు లేచి మైకు తెచ్చి దాని చేతిలో పెట్టారు.

"అందరికీ వందనాలు," అంది. గొంతు స్థిరంగానే ఉంది. "కోతల పండుగలో నేను ఒక సాక్ష్యం చెప్పినా. మీలో శానామంది ఫోన్లలో ఆ వీడియో చూసింటారు. ఆ సాక్ష్యంలో సగమే నిజం. కాలు వచ్చింది నిజం. మీరందరూ ప్రార్థన చేసింది నిజం. మందు అక్కరలేదన్యానే, అది మాత్రం..."

జనంలో గుసగుస లేచింది. మా ఆయన చేతులు విడిపోయాయి. ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు.

"అది నా మాట. దేవుడి మాట కాదు. నా ఒంట్లో నా సొంత కాపలావాళ్ళే నా మీద తిరగబడినారు. ఆ మందు వాళ్ళను తీసేది. నేను సిగ్గుపడి ఆ మందు మానుకున్యా. మానుకుంటే ఏమాయెనో చెప్తా. నాకు ఈ ఎడమ..."

ఆగింది. చెమట దాని నుదుటి మీద నుంచి ధారగా కారుతోంది. కుడిచేత్తో కళ్ళు తుడుచుకుంది. ముందు ఎడమది, తర్వాత కుడిది. తుడుచుకుని మళ్ళీ కళ్ళు తెరిచింది. మళ్ళీ తుడుచుకుంది, ఈసారి గట్టిగా, కుడి కన్ను ఒక్కటే.

నేను ముందు వరసలో, దాని కుడి పక్కన, అది చెప్పిన చోటనే ఉన్నాను. లేచి నిలబడ్డాను. చెయ్యి ఊపాను. నిస్సీ చూపు నా మీదుగా పోయింది, ఎక్కడా ఆగలేదు.

"అమ్మా," అంది మైకులో. షెడ్డు నాలుగు మూలల స్పీకర్లలో నా కూతురు నన్ను పిలిచింది. "అమ్మా, యాడుండావు? లైట్లు ఎందుకు ఆర్పినారు?"

కరెంటు పోయిన ఆ షెడ్డులో ఆర్పడానికి లైట్లే లేవు. తెరిచిన తలుపుల్లోంచి పట్టపగటి ఎండ నేరుగా దాని ముఖం మీద పడుతోంది.